కొత్త విత్తనానికి వేరు మడి

కొత్త వంగడము వచ్చినదని విన్నంతనే ఉన్న పొలమంతయు దాని పాలు చేయు రైతు తెలుగునాట ఎక్కడను కానరాడు. గట్టువార ఒక చిన్న మడిని వేరుచేసి, నారు ఎట్లు లేచినది, తెగులు తగిలినదా, వెన్ను పాలు పోసుకొన్నదా అని ఒక పంటకాలము చూచిన తరువాత గాని తక్కిన పొలము సంగతి ఆలోచింపడు. పొలము దగ్గర ఇంత సహజముగా తోచు ఈ వివేకము, కంప్యూటరు దగ్గరకు వచ్చుసరికి బాగా చదువుకొన్నవారిని సైతము విడిచిపోవుట వింతయే. కంప్యూటరును మొదటినుండి చివరివరకు నడిపించు మూలవ్యవస్థను ఆపరేటింగు సిస్టం అనుచున్నారు గదా! దాని రాబోవు కూర్పు ఇంకను పరీక్షాదశలో నుండగనే, ఉన్న ఒక్క యంత్రము మీదికి దానిని ఎక్కించి, మరునాడు ప్రశ్నపత్రములు కనబడక తల పట్టుకొను ఉపాధ్యాయులున్నారు. ఏడాది పొడుగున వ్రాసికొన్న నోట్సు పోగొట్టుకొను విద్యార్థులున్నారు. వారి అవస్థ చూచి, కొత్త కూర్పు జోలికే పోరాదని ఒట్టు పెట్టుకొన్నవారును ఉన్నారు. ఈ రెండు మార్గములలో ఏదియు సరియైనది కాదు.

బీటా యనగా గ్రీకు అక్షరమాలలో రెండవ అక్షరము. తయారుచేసినవారు తమలో తాము పరీక్షించుకొను దశకు ఆల్ఫా యనియు, బయటివారి చేతికిచ్చి పరీక్ష చేయించు దశకు బీటా యనియు వాడుక. అచ్చుపని ఎరిగినవారు దీనిని ప్రూఫు అనుకొనవచ్చును. ప్రూఫులో తప్పులుండుట నేరము కాదు; తప్పులు పట్టుటకే ప్రూఫు. అయితే ప్రూఫు కాగితములను కుట్టించి, అట్ట వేయించి, గ్రంథాలయములో దాచుకొనువాడు మాత్రము ఉండడు. ఆపిల్ సంస్థ తన మాక్ ఓఎస్ టెన్ అను వ్యవస్థకు 2000 సెప్టెంబరు 13వ తేదీన ఇట్టి ప్రయోగప్రతిని విడుదల చేసి 29.95 డాలర్లకు అమ్మినది. ప్రూఫు దిద్దిపెట్టువాని దగ్గరనే సొమ్ము పుచ్చుకొనుట ఆ వ్యాపారములోని చమత్కారము. ఆ ప్రతి 2001 మే 14వ తేదీతో పనిచేయుట మానివేసినది. 2014లో మైక్రోసాఫ్టు వారు విండోస్ 10 కొరకు ఇన్‌సైడర్ అను కార్యక్రమమును ఆరంభించిరి. అదే సంవత్సరము ఆపిల్ వారును, ఈసారి ఉచితముగా, బీటా ప్రతులను సామాన్యులకు ఇచ్చుట మొదలిడిరి. ఉబుంటు ఏటేట ఏప్రిల్, అక్టోబరు మాసములలో వెలువడును. దానికి కొద్ది వారముల ముందు దాని బీటా వచ్చును.

ఈ ప్రూఫులు దిద్దు పని తెలుగువారికి ఏల అను ప్రశ్నకు 2018 ఫిబ్రవరిలో జరిగిన ఉదంతమే సమాధానము. ఆ నెలలో ఒక తెలుగు అక్షరము ప్రపంచమంతట వార్తలకెక్కినది. దానిని ఐఫోనుకు గాని, మాక్ కంప్యూటరుకు గాని సందేశముగా పంపినచో, ఆ సందేశమును చూపబోయిన కార్యక్రమము కుప్పకూలుచుండెను. మరల తెరిచినను మరల కూలుచుండెను. ఆ అక్షరము ఏదో కాదు, జ్ఞానమను మాటలోని మొదటి అక్షరమే. జకారము, దాని మీది పొల్లు, ఞకారము, కంటికి కనబడక అక్షరముల కలయికను అడ్డగించు ఒక గుర్తు, ఆపైన దీర్ఘము, ఈ ఐదును వరుసగా వచ్చినప్పుడు వాటిని ఎట్లు పేర్చి చూపవలెనో ఆ యంత్రమునకు తోచలేదు. బెంగాలీ, దేవనాగరి లిపులలోను ఇట్టి కలయికలు ఇదే దోషమును బయటపెట్టినవి. ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన సవరణ విడుదల చేసినది. ఇక్కడ గమనింపదగిన విషయమొకటి ఉన్నది. అప్పటికే పరీక్షకులలో తిరుగుచున్న ఐఓఎస్ 11.3 బీటాలో ఆ దోషము లేదు. అనగా కోట్లమంది చేతులలోనున్న పక్కా ప్రతి జ్ఞానమను మాట దగ్గర తడబడుచుండగా, ప్రూఫు కాగితము మీద ఆ తప్పు దిద్దబడియే యున్నది.

ఆ కనబడని గుర్తును అక్కడ ఎవరును మామూలుగా వ్రాయరనుట నిజమే. అయినను నిత్యము వ్రాయువాటిలో మాత్రము చిక్కులు తక్కువా? మూడు హల్లుల సంయుక్తములలో వత్తు క్రింద వత్తు సరిగా పడుచున్నదా, ఱకారము కీబోర్డులో దొరకుచున్నదా, పేర్ల పట్టికను అకారాదిగా పేర్చుమన్నప్పుడు క్షకారము ఎక్కడికి పోవుచున్నది, ఇవన్నియు కాలిఫోర్నియాలో కూర్చున్న ఇంజనీరు కంటికి ఆనవు. బడిలో తెలుగు చెప్పు మేష్టారికి ఒక్క చూపులో పట్టుబడును. ప్రాచీన గ్రంథములలో వాడుకలోనుండిన నకారపొల్లుకు యూనికోడులో ప్రత్యేక స్థానము 2021లో, 14వ కూర్పులో దొరికినది. అయితే స్థానము దొరికినంతమాత్రమున అక్షరము తెరమీదికి రాదు. ఆపరేటింగు సిస్టంలోని ఫాంటులకును, అక్షరములను కూర్చు యంత్రాంగమునకును అది తెలిసియుండవలెను. అట్టి మార్పులు మొట్టమొదట కనబడునది బీటాలోనే. అక్కడ పట్టుబడిన తప్పును దిద్దుట సులభము. విడుదలైన తరువాత దిద్దించుట ఎంత కష్టమో ఏళ్లతరబడి వంకరగా కనబడుచున్న అక్షరములే సాక్ష్యము. కావున తెలుగు చదివినవారు ఈ పరీక్షలోనికి దిగవలసినదే. దిగునది మాత్రము తమ పుస్తకముల బీరువాను పణముగా ఒడ్డి కాదు.

అందుకే వేరు డ్రైవు. ఉన్న డిస్కునే రెండు భాగములుగా చీల్చి, ఒకదానిలో పాతదానిని, రెండవదానిలో కొత్తదానిని ఉంచవచ్చునని చెప్పువారు కలరు. అది ఒకే పెట్టెలో నడుమ అట్టముక్క నిలుపుట వంటిది. డిస్కులో ఏ భాగము ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో చెప్పు పట్టిక ఒక్కటే. చీల్చుచున్నప్పుడు కరెంటు పోయినను, చేయి జారి భాగమును తప్పుగా ఎంచినను, రెండు కాపురములును ఒక్కసారే వీధిన పడును. వేరు డ్రైవు అనగా పెద్ద ఖర్చును కాదు. విండోస్ 11కు కనీసము 64 గిగాబైట్లు, ఉబుంటుకు 25 గిగాబైట్లు కావలెనని వాటి కర్తలు చెప్పుచున్నారు. కనుక 240 లేక 256 గిగాబైట్ల ఎస్.ఎస్.డి. ఒకటి దేనికైనను సరిపోవును. అయితే విండోస్ స్థాపన కార్యక్రమము యు.ఎస్.బి. ద్వారా తగిలించిన డ్రైవు మీదికి ఎక్కుటకు ఒప్పుకొనదు. దానికి పెట్టెలోపలనే రెండవ డ్రైవు కావలెను. లినక్స్ జాతి వ్యవస్థలకు ఆ పట్టింపు లేదు.

వేరు డ్రైవు కొన్నవారు కూడ పొరబడు చోటు ఒకటి ఉన్నది. కంప్యూటరు మేల్కొనగనే ఏ వ్యవస్థను పిలువవలెనో తెలుపు చిన్న భాగమొకటి డిస్కులో ఉండును, దానిని ఇ.ఎఫ్.ఐ. పార్టిషను అందురు. కొత్త వ్యవస్థ కొత్త డ్రైవు మీదనే కూర్చున్నను, దానిని మేల్కొలుపు కార్యక్రమము మాత్రము పాత డ్రైవులోని ఆ చిన్న భాగములో పోయి చేరుట కద్దు. విండోస్ స్థాపన అట్లు చేయుచుండును. ఉబుంటు పాత స్థాపకములో, వేరు డ్రైవును స్పష్టముగా ఎంచినను ఇట్లే జరుగు దోషము ఏండ్లతరబడి నిలిచియుండెను. కొంతకాలమునకు పరీక్ష ముగిసినదని కొత్త డ్రైవును తీసివేసినచో, ఆ మేల్కొలుపు కార్యక్రమము తన యిల్లు వెదకికొనలేక నల్లని తెర మీద ఒక పంక్తి చూపి నిలిచిపోవును. పాత డ్రైవులో ఫైళ్లన్నియు క్షేమముగానే ఉన్నను, యజమానుడు మాత్రము సర్వస్వము పోయినదని బెంబేలెత్తును. దీనికి ఉన్న ఉపాయములన్నిటిలో మోటైనదే మేలైనది. కంప్యూటరును ఆపి, కరెంటు తీసి, పాత డ్రైవు తీగను ఊడదీసి, కొత్త డ్రైవు ఒక్కటే ఉండగా స్థాపన జరుపవలెను. లేని డ్రైవును ఏ కార్యక్రమమును చెరపలేదు. పని ముగిసిన పిమ్మట తీగ మరల తగిలించి, ఏ పూట ఏది కావలెనో కంప్యూటరు లేచునప్పటి మెనూలో ఎంచుకొనవచ్చును. లోపలి డ్రైవు తీయ వీలులేని లాప్‌టాపులలో, ఫర్మ్‌వేర్ అమరికలో దానిని తాత్కాలికముగా ఆపు సదుపాయమున్నదేమో చూడవలెను. అదియు లేనప్పుడు డ్రైవు పేరును గాక దాని పరిమాణమును, తయారీదారును చూచి గుర్తుపట్టవలెను. ఎస్‌డిఎ, ఎస్‌డిబి అను పేర్లు కంప్యూటరు లేచినప్పుడెల్ల తారుమారు కావచ్చును. 256 గిగాబైట్ల డ్రైవు మాత్రము 1000 గిగాబైట్లు కాజాలదు.

ఇంత చేసినను, ముఖ్యమైన ఫైళ్లకు వేరొకచోట నకలు లేకుండ ఈ పనికి పూనుకొనరాదు. 2018 అక్టోబరు 2వ తేదీన మైక్రోసాఫ్టు వారు విడుదల చేసిన విండోస్ 10 నవీకరణ కొందరి పత్రములను, చిత్రములను తుడిచివేసినది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డరును వేరుచోటికి మార్చుకొని, పాతచోట కొన్ని ఫైళ్లను మిగిల్చినవారు దానికి బలియైరి. పాతచోటు ఖాళీగా ఉండునని ఆ కార్యక్రమము తలపోసినదట! కొద్ది రోజులలోనే ఆ నవీకరణను నిలిపివేసి, సరిదిద్ది, నవంబరు 13న మరల విడుదల చేసిరి. నష్టపోయినట్లు తెలిపినవారు పదివేలకొకరి లెక్కన ఉన్నారని ఆ సంస్థ చెప్పినది. ఆ పదివేలలో ఒక్కడు తానే అయినవానికి ఈ లెక్క ఏపాటి ఊరట? అది బీటా కాదు, పక్కా విడుదల. పక్కాదే ఇట్లున్నప్పుడు ప్రూఫు ప్రతిని ఎంతవరకు నమ్మవచ్చునో వేరుగా చెప్పనక్కరలేదు. నకలు తీసితిననుకొనుట ఒకటి, ఆ నకలునుండి ఒక ఫైలును వెనుకకు తెచ్చి తెరిచి చూచుట మరియొకటి. రెండవది చేయనివానికి మొదటిది ఉన్నట్లు కాదు.

వేరు డ్రైవు అను గోడ కొన్నిటిని ఆపలేదు. వాటిని ఎరిగియుండుట మేలు. 2008 సెప్టెంబరులో లినక్స్ కెర్నెల్ 2.6.27 ప్రయోగప్రతులలోని ఒక దోషము కొన్ని ఇంటెల్ నెట్‌వర్కు కార్డులలోని స్థిరస్మృతిని చెరిపివేసినది. ఆ కెర్నెల్‌తో కూడిన ప్రయోగప్రతులను పరీక్షించిన కొందరి కార్డులు మూగవోయినవి. అక్టోబరు 2017లో విడుదలైన ఉబుంటు 17.10 కొన్ని లాప్‌టాపుల బయోస్ చిప్పును చెడగొట్టుచున్నదని తేలుటచే, ఆ డిసెంబరులో దానిని దిగుమతికి అందకుండ తొలగించిరి. డ్రైవు వేరైనను మదర్‌బోర్డు ఒక్కటే గదా! కాబట్టి బడిలోనున్న ఒకే ఒక్క మంచి కంప్యూటరు ఈ పనికి తగదు. మూలనున్న పాతది తగును. విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది, టి.పి.ఎం. 2.0 లేని పాత యంత్రములకు విండోస్ 11 నియమముల ప్రకారము చోటు లేదు. అటువంటివానిని తుక్కు క్రింద అమ్ముటకంటె లినక్స్ ప్రయోగములకు వాడుట వేయిరెట్లు మేలు.

చిన్న చిక్కులును కొన్ని కలవు. విండోస్, లినక్స్ రెండును ఒక యంత్రములో ఉన్నచో గడియారము అయిదున్నర గంటలు వెనుకకో ముందుకో జరిగిపోవుటను చూచి కొందరు బ్యాటరీ మార్పించుచుందురు. విండోస్ యంత్రపు గడియారమును స్థానిక కాలముగా చదువును, లినక్స్ గ్రీనిచ్ కాలముగా చదువును. భారతదేశములో ఆ తేడా అయిదున్నర గంటలు. ఒక్క అమరికతో అది తీరును. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అను సదుపాయమొకటి ఉన్నది. అది ఉన్నంతకాలము యంత్రమును ఆపినను వ్యవస్థ పూర్తిగా ఆగదు, కునుకు తీయుచుండును. ఆ స్థితిలోనున్న డ్రైవు మీద వేరొక వ్యవస్థ వ్రాసినచో ఫైళ్లు చెడును. ముందే దానిని తీసివేయవలెను. బిట్‌లాకర్ తాళము వేసియున్న డ్రైవు, యంత్రపు అమరికలో మార్పు కనబడగనే 48 అంకెల తాళపుచెవి అడుగవచ్చును. ఆ అంకెలను కాగితము మీద వ్రాసి దాచుకొనవలెను, అదే డ్రైవులో కాదు.

అందరును మరచునది క్లౌడు ఖాతా. డ్రైవులు రెండైనను, తీగలు వేరైనను, రెండింటిలోను ఒకే ఖాతాతో ప్రవేశించినచో గోడకు పెద్ద ద్వారము తెరిచినట్లే. బీటాలో ఒక ఫోల్డరు పొరపాటున ఖాళీయైనచో, ఆ ఖాళీతనము క్షణములో పాత వ్యవస్థకును, ఫోనుకును పాకును. మాక్‌లోని ఫోటోల సంచయము ఒకసారి కొత్త కూర్పులో తెరువబడి మార్పు చెందినచో పాత కూర్పులో మరల తెరుచుకొనదు. ప్రయోగమునకు ప్రయోగపు ఖాతా ఒకటి వేరుగా తెరుచుట ఉత్తమము. పాత డ్రైవులోని ఫైళ్లు కావలసివచ్చినప్పుడు వాటి నకళ్లను తెచ్చుకొని వాడవలెనే గాని, అసలు ప్రతులను బీటా చేతికి ఈయరాదు.

దిగుమతి చేసికొన్న ప్రతి కర్త పంపినదేనా అని చూచుటయు అవసరమే. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వారి స్థలములోనికి దొంగలు చొరబడి, అసలు ప్రతికి బదులు దొంగవాకిలి గల ప్రతిని అందునట్లు చేసిరి. ఎస్.హెచ్.ఎ. 256 అను లెక్క ప్రకారము ప్రతి ఫైలుకు 64 అక్షరముల ముద్ర ఒకటి వచ్చును. కర్త ప్రకటించిన ముద్రతో అది సరిపోలినదా లేదా చూచుటకు రెండు నిమిషములు పట్టదు. ఆ ముద్రను కూడ దొంగ మార్చియుండవచ్చును గదా అను శంక న్యాయమైనదే. అందుకే కర్తలు దాని మీద తమ డిజిటల్ సంతకము చేయుదురు.

వేరు డ్రైవు కూడ ఎందుకు, యంత్రములో యంత్రమును సృష్టించు వర్చువల్ మెషీన్ చాలదా అని అడుగువారి మాటలో సబబు లేకపోలేదు. ఫాంటులు, కీబోర్డు, అకారాది క్రమము చూచుటకు అది చాలును. కాలేజీ విద్యార్థికి మొదటి మెట్టుగా అదియే మంచిది. అయితే ప్రింటరు తెలుగు అచ్చులో వత్తులను మింగుచున్నదా, వైఫై నిలుచుచున్నదా, మూత మూసిన లాప్‌టాపు మరల లేచుచున్నదా అనునవి అద్దె యింటిలో తేలు సంగతులు కావు. నిజమైన యంత్రము మీదనే తేలును.

ఇంతకును బీటాను ఎక్కించుట పనిలో సగమే. తప్పు కనబడగనే వ్రాసి పంపుట రెండవ సగము. మొదటిది చేసి ఇది చేయనివాడు ప్రూఫు చదివి దిద్దకుండ వెనుకకు పంపినవానితో సమానుడు. పైన చెప్పిన 2018 నాటి ఫైళ్ల నష్టమును గూర్చి విండోస్ పరీక్షకులలో కొందరు ముందుగానే ఫిర్యాదు చేసియుండిరి. వాటిని సమర్థించినవారు కొద్దిమందియే యగుటచే అవి గుంపులో కలిసిపోయినవి. ఆ తరువాతనే మైక్రోసాఫ్టు వారు ఫిర్యాదు తీవ్రతను తెలుపుటకు వేరుగా ఒక గడి ఏర్పరచిరి. తెలుగును గూర్చిన ఫిర్యాదులకు సంఖ్యాబలము ఎన్నడును అంతంతమాత్రమే. కావున వాటికి స్పష్టత మరింత అవసరము. తెలుగు సరిగా వచ్చుట లేదని వ్రాసినచో ఎవరును ఏమియు చేయలేరు. ఏ కూర్పు, ఏ కార్యక్రమము, ఏ మీటలు ఏ వరుసలో నొక్కబడినవి, ఏమి రావలసియున్నది, ఏమి వచ్చినది అని విడమరచి, తెర బొమ్మను జతపరచి పంపిన ఫిర్యాదును తెలుగు రాని ఇంజనీరు సైతము అర్థము చేసికొనును.

హైస్కూలు తెలుగు ఉపాధ్యాయుడు ఒక మధ్యాహ్నము కూర్చున్నచో ఇందుకు కావలసిన పరీక్షపత్రమును తయారుచేయగలడు. స్త్రీ, రాష్ట్రము, జ్యోత్స్న, కర్తృత్వము, వక్తృత్వము, లక్ష్మి, జ్ఞాపిక, ఱంపము, ఋషి, క్రౌంచము వంటి మాటలు యాభై చాలును. వాటిని మంచి అచ్చులో ఒక కాగితము మీద ముద్రించి పిల్లలకిచ్చినచో, ఒకడు బీటా యంత్రము మీద కొట్టును, మరియొకడు కాగితముతో పోల్చి చూచును, వేరొకడు తేడాలు వ్రాసికొనును. ఆరునెలలకు అసలు విడుదల రాగనే ఆ డ్రైవును తుడిచి, పాత తప్పులలో ఎన్ని దిద్దబడినవో అదే కాగితముతో మరల చూచుకొనవచ్చును.